చేపలక్క రివ్యూ

"తప్పయిపోనాదని సెప్పమన్నానా? తప్పని సెప్పక్కర్నేదు. రెండోసారి సూసినాను, బాగున్నాది అని సెప్పు. అంతే గదే!"

కొండబాబు గొంతు వీధి చివర వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళ దాకా వినిపిస్తోంది. బుధవారం పొద్దున్న ఎనిమిదయినా ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. శనివారం మొదలైన గొడవ అయిదో రోజుకొచ్చేసరికి మాటలన్నీ అరిగిపోయి కేకలే మిగిలాయి.

అతని భార్య రాజకుమారి గుమ్మం పక్కన కూర్చుని చేపల తట్టకి కట్టిన తాడు ముడి విప్పుతోంది. ఆ ముడి విప్పాల్సిన అవసరం లేదు. చేతులకి ఏదో ఒక పని కావాలి, అంతే.

"నిన్నేనే. పలకవేటి?"

"ఏటి పలకమంతావు మావా? సూసినాను. బాగోనేదు. బాగోనేదన్నాను. మళ్ళీ సూస్తే బాగుపడిపోతాదేటి?"

"బాగుపడాల్సింది సినిమా కాదే, ఆడి బతుకు!"

కొండబాబు చెయ్యి చూపించిన వైపు, నులకమంచం మీద, అతని తమ్ముడు ధనరాజ్ తల వంచుకుని కూర్చున్నాడు. నిన్న పొద్దున్న హైదరాబాదు నుంచి రైలు దిగి వచ్చినవాడు ఇంతవరకు చొక్కా మార్చుకోలేదు. మోకాళ్ళ మధ్య ఫోను. అది మోగినప్పుడల్లా ఉలిక్కిపడి చూసి, బోర్లా పెట్టేస్తున్నాడు.

సినిమాలకి రాయాలని ఎనిమిదేళ్ళు హైదరాబాదు కృష్ణానగర్‌లో ఒక గదిలో ఆరుగురితో సర్దుకుని పడుకున్నాడు ధనరాజ్. ఎవరెవరికో సీన్లు రాసిచ్చాడు. పేరు రాలేదు. మొన్న శుక్రవారం మొదటిసారి వచ్చింది. 'సుక్కాని సూరిబాబు' అనే సినిమా. కథ, మాటలు: ధనరాజ్. తెర మీద రెండు సెకన్లు. ఆ రెండు సెకన్ల కోసం తమ ఊరు చింతపల్లి నుంచి ఇరవైమంది బంధువులు విజయనగరం వెళ్ళి, కాగితాలు ఎగరేసి, ఈలలు వేసి వచ్చారు. కొండబాబు తన చేపల ఆటోకి అరటిపిలకలు కట్టాడు.

ఆ ఇరవైమందిలో రాజకుమారి కూడా ఉంది. అందరూ బయటికొచ్చాక మైకు పట్టుకున్న పిల్ల అడిగింది మాత్రం ఆమెనే.

అడగడానికి కారణం ఉంది. రాజకుమారి పొద్దున్నే భర్త ఆటోలో విజయనగరం వెళ్ళి బజార్లో చేపలమ్ముకుంటుంది. వారం మొత్తానికి ఆమెకున్న సరదా ఒక్కటే. శుక్రవారం తట్ట ఖాళీ అయ్యాక నిమ్మచెక్కతో చేతులు తోముకుని, ఏ కొత్త సినిమా ఉంటే దానికి మ్యాట్నీకి వెళ్ళిపోవడం. ఎవరి సినిమా అయినా ఆమెకి ఒకటే. పదకొండు నెలల కిందట అలాగే సినిమా చూసి బయటికొస్తుంటే, గేటు దగ్గర శ్రావణి అనే డిగ్రీ పిల్ల ఫోనూ మైకూ పట్టుకుని ఎదురైంది. కుర్రాళ్ళు "బ్లాక్‌బస్టరూ" అని అరిచి పోతున్నారు. రాజకుమారి నిలబడి కాస్త ఆలోచించింది.

"మొదటి సగం తాజా సేప. రెండో సగం అదే సేప, మర్నాడు. పైన ఐసు ఎంత పోసినా వాసన దాగుతాదేటి?"

ఆ వీడియో మర్నాటికి లక్షమంది చూశారు. అప్పట్నుంచి ఆమె 'చేపలక్క'. శుక్రవారం సాయంత్రమైతే జిల్లాలో చాలామంది చేపలక్క ఏమందో విన్నాకే టిక్కెట్టు కొనాలో వద్దో తేల్చుకునేవాళ్ళు.

కథ సగంలో ఆపి రెండో భాగం తర్వాత అన్న సినిమా గురించి, "వంజరం తల ఇయ్యాళ కొనుక్కో, తోక వొచ్చే ఏడు ఇస్తానంటే నా దగ్గర ఎవులైనా కొంతారేటి?" అంది. మూడు గంటలూ నరుకుడే ఉన్న సినిమా గురించి, "ముప్పై కేజీల సొర కోసినా నాకంత నెత్తురు రాదు. అంతమందిని కోసీసినా ఈరోగారి సొక్కా ఇస్త్రీ మాత్రం నలగనేదు" అంది. ఇంకొక సినిమాకి, "ఈరోకి మా మావ వొయసు, ఆ పిల్లకి మా మేనగోడలు వొయసు. పాటొచ్చినప్పుడల్లా ఆ పిల్లని ఇంటికాడ దించీసి రావాలనిపించినాది" అంది.

ఆ మాటలకి అందరికంటే ఎక్కువ నవ్వింది కొండబాబే. టీ కొట్టు దగ్గర ఫోను తెరిచి "మా ఆడదే" అని చూపించుకు తిరిగింది కూడా అతనే.

'సుక్కాని సూరిబాబు' దగ్గరికి వచ్చేసరికి ఆమె అన్న మాట ఇది:

"నవ్వులొచ్చినాయా అంటే వొచ్చినాయి. ఎవుల్ని సూసి నవ్వుతన్నామో తెలిసాక కడుపు రగిలిపోనాది. ఈరో మాటాడితే పుస్తకాల తెలుగు. ఆడి పక్కన తాగుబోతుకీ, తిక్కలోడికీ మాత్రం మా మాట. మా మాట ఏటి, ఎక్కిరింపుకే పుట్టినాదా? మొగుడు సముద్రం మీంచి రానేదని ఏడిసే ఆడదాన్ని సూపించి, ఎనకాల డప్పు కొట్టి నవ్వమంతారు. ఒడ్డున పుట్టినదాన్ని, నానెలగ నవ్వీది?"

అయిదు రోజుల్లో ఆరు లక్షలమంది చూశారు. వీడియో కింద ఒకడు రాశాడు, సినిమా రాసింది చేపలక్క సొంత మరిదేనని. అక్కడ అంటుకుంది.

"ప్రొడ్యూసరుగారు ఏమన్నారో తెలుసా వదినా?" ధనరాజ్ మొదటిసారి నోరు విప్పాడు. హైదరాబాదులో నేర్చుకున్న తెలుగు అది, ఇస్త్రీ చేసినట్టు ఉంటుంది. "తర్వాతి సినిమా నన్నే డైరెక్ట్ చెయ్యమన్నారు. ఇప్పుడు ఫోను చేస్తే, 'మీ ఇంట్లోవాళ్ళే ఉమ్మేశాక జనం ఎందుకొస్తారయ్యా' అన్నారు. ఎల్లుండి శుక్రవారం కొత్త సినిమాలొస్తాయి. మనవైపు హాళ్ళలో రెండో వారం ఆడితే సరే. లేకపోతే నేను మళ్ళీ ఆ గదికే పోవాలి."

"సినిమా నా మాట వల్లే పోనాదా?"

"నీ మాట వల్ల కూడా."

ఆ 'కూడా' రాజకుమారికి ముల్లులా దిగింది. అబద్ధం చెప్పి ఉంటే కొట్టిపారేసేది.

"మిగిలినోళ్ళ సినిమాలు తిట్టినప్పుడు నవ్వినారు గదా అందరూ," అంది. "ఆలకీ ఇళ్ళున్నాయి. ఆలకీ వదినలుంతారు. అప్పుడెవులూ నాకీ నీతి సెప్పనేదు."

"ఆలు పరాయోలే!" అన్నాడు కొండబాబు.

"అయితే నాను సెప్పింది నిజమా, కాదా? అది సెప్పు ముందు. అయిదు రోజులనుంచి అడుగుతన్నాను. ఒక్కడంటే ఒక్కడు నిజమా కాదా అన్నాడేటి?"

ధనరాజ్ ఫోను వైపు చూశాడు, కొండబాబు గోడ వైపు. ఆ మాట వచ్చినప్పుడల్లా ఆ ఇంట్లో ఇంతే. మిగతా అన్నిటికీ సమాధానం ఉంది, దానికి తప్ప.

కొండబాబు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "శ్రావణికి ఫోన్ సేసీసినాను. మ్యాట్నీ ఒగ్గినాక గేటుకాడ ఉంతాది. నువ్వొస్తన్నావు. సెప్తన్నావు. అంతే."

"నన్నడక్కుండానా?"

"అడిగితే నువ్వు ఒప్పుకుంతావేటి?"

"ఒప్పుకోనని తెలిసి సేసినావన్నమాట."

"ఏటా గోల?"

గొంతు పెరట్లోంచి వచ్చింది. ఎండబెట్టిన నెత్తళ్ళ చేపల్ని కాకులు ఎత్తుకుపోకుండా కర్ర పట్టుకుని కూర్చున్న జగ్గమ్మ, ఆ కర్ర ఊతంగా లేచి వచ్చి వెనక గుమ్మంలో నిలబడింది. కొండబాబుకీ ధనరాజ్‌కీ తల్లి. అరవై ఎనిమిదేళ్ళు. శుక్రవారం అందరూ ఆటోలెక్కితే తను రానంది. భర్త రాముడు సముద్రం మీద వేటకెళ్ళి తిరిగిరాని ఏడు నుంచి, ఇరవై ఆరేళ్ళుగా, ఆమె సినిమా హాలు గుమ్మం తొక్కలేదు.

"ఏటీ నేదమ్మా," అన్నాడు ధనరాజ్ తొందరగా. ఇస్త్రీ తెలుగు ఎగిరిపోయింది.

"ఏటీ నేకపోతే అయిదు రోజులనుంచి కుక్కల్లాగ ఏల అరుసుకుంతన్నారు? ఒకడు బాగున్నాదంతాడు. ఒకర్తి బాగోనేదంతాది. నాను సెవిటిదాన్ని కాదు." కర్ర గోడకి ఆనించింది. "నా కొడుకు రాసినాడు. నా కోడలు తిట్టినాది. నాను సూస్తాను. సూసి నాను సెప్తాను."

కొండబాబు మొహం వెలిగిపోయింది. "అదీ! అలగ సెప్పు. అమ్మ సూసి బాగున్నాదన్నాదనుకో, నీ నోరు మూతపడతాదే రాజీ."

రాజకుమారి భర్తని చూడలేదు. ధనరాజ్‌ని చూసింది. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

*

పెరట్లో, నెత్తళ్ళ పట్టా అవతల, ధనరాజ్ ఆమె చేతిలోంచి బిందె లాక్కున్నంత పని చేశాడు.

"వదినా, అమ్మని ఆపు."

"నానెలగ ఆపీది?"

"తలనొప్పను. కడుపునొప్పను. ఏదో ఒకటి సెప్పి ఆపు."

"సినిమా రాసింది నువ్వు. సూడొద్దని నువ్వే సెప్పు."

"ఆ సీను..." ధనరాజ్ వెనక గుమ్మం వైపు చూశాడు. "ఆ సీను అమ్మ సూడకూడదు."

"రాసినప్పుడు తెలీదేటి నీకు?"

"నాను ఏడుపు రాసినాను వదినా! తల్లి మీద ఒట్టు. ఆడది ఒడ్డుకాడ నిలబడి పిలుస్తాది, ఎనకాల అలల సప్పుడు తప్ప ఏటీ ఉండకూడదని రాసినాను. డైరెక్టరు సదివి, ఇంటర్వెల్ తరవాత జనం నీరసంగా ఉంతారు, ఇక్కడ నవ్వు కావాలన్నాడు. మొగుణ్ణి తాగుబోతుని సేసినాడు. డప్పు ఎట్టినాడు. నోరిప్పితే తెర మీద పేరు ఉండదన్నారు. నాను నోరు మూసుకున్నాను."

రాజకుమారి బిందె కింద పెట్టింది. కోపం రావాల్సిన చోట జాలి వచ్చింది. జాలి వచ్చినందుకు మళ్ళీ కోపం వచ్చింది.

"నీ పేరు ఉండడానికి అమ్మ ఏడుపు అమ్మీసినావు."

ధనరాజ్ తలెత్తాడు. "నాకు సెప్పిందెవులు?"

రాజకుమారి వంగి బిందె అంచు పట్టుకుంది.

రాజకుమారి కాపురానికొచ్చిన రెండో ఏడు సంగతి. ఇదే పెరట్లో, ఇలాగే నెత్తళ్ళు తిరగేస్తూ, జగ్గమ్మ ఉన్నట్టుండి చెప్పింది. రాముడు పోయిన తర్వాత ఆరు నెలలపాటు రోజూ పొద్దుగూకే వేళ సరుగుడు తోట దాటి ఒక్కర్తీ ఒడ్డుకి వెళ్ళేదట. చేతిలో మూత పెట్టిన గిన్నె. "కూర సల్లారిపోతాది, బేగి రాయ్యా" అని సముద్రాన్ని పిలిచేదట. పిలిచి, గిన్నె అక్కడే బోర్లించి, కళ్ళు తుడుచుకుని ఇంటికొచ్చి పిల్లలకి అన్నం పెట్టేదట. "ఇది పిల్లలకీ తెలీదే. పిచ్చి ముండ అనుకుంతారు" అని, మళ్ళీ ఎప్పుడూ ఆ మాటెత్తలేదు.

ఇరవై ఏళ్ళు రాజకుమారి దాన్ని కడుపులో పెట్టుకుంది. రెండేళ్ళ కిందట ధనరాజ్ ఇదే గుమ్మంలో నోటు పుస్తకం పట్టుకుని కూర్చుని, "వదినా, మన జనం గురించి మంచి సినిమా రాస్తాను, అమ్మ గురించి ఏదైనా సెప్పు" అన్నాడు. కళ్ళలో అంత ఆశ. ఆమె కరిగిపోయింది. చెప్పేసింది.

శుక్రవారం హాల్లో ఆ సీను వచ్చినప్పుడు పక్కనే కొండబాబు పడీపడీ నవ్వాడు. అతనికి తెలీదు. ఇటు ఆమెకి మాత్రం వొళ్ళంతా కారం రాసినట్టయింది. గేటు దగ్గర మైకులో తిట్టింది ధనరాజ్‌నే అనుకున్నారందరూ. సగం తిట్లు తనకే తగలాలని ఆమె తిట్టిందని ఎవరికి తెలుసు?

"నువ్వే గదా సెప్పినావు," అన్నాడు ధనరాజ్ మళ్ళీ, ఈసారి నెమ్మదిగా.

"నానే సెప్పినాను," అంది రాజకుమారి. బిందె ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది.

*

ఆటోలో ముందు కొండబాబు, పక్కన ధనరాజ్. వెనక చేపల పెట్టెలు పెట్టే చోట గోనె పరిచి అత్తా కోడళ్ళు.  జగ్గమ్మ పెట్టెలోంచి తీసిన ఆకుపచ్చ నేతచీర కట్టింది. చంకలో చేతిసంచీ ఒకటి. సినిమాకి సంచీ ఎందుకని ఎవరూ అడగలేదు.

దారంతా రాజకుమారి నోటిదాకా మాట తెచ్చుకుని మింగేస్తూనే ఉంది. అత్తా, ఆ సినిమాలో ఒకటున్నాది. అత్తా, నానొక తప్పు సేసినాను. అత్తా... ఆటో గతుకులో పడినప్పుడల్లా మాట లోపలికి జారిపోయింది.

మ్యాట్నీకి నలభైమంది కూడా లేరు. నలుగురూ ఒకే వరసలో కూర్చున్నారు. కొండబాబు తల్లికి ఒక పక్క, రాజకుమారి ఇంకో పక్క. ధనరాజ్ చివరి సీట్లో, పారిపోవడానికి సిద్ధంగా ఉన్నవాడిలాగ.

తెర మీద ధనరాజ్ పేరు పడినప్పుడు జగ్గమ్మ, "అదేనా?" అంది. చదువురాని కళ్ళతో ఆ అక్షరాలు పోయేదాకా చూసింది.

రెండోసారి చూస్తుంటే రాజకుమారికి ఇంకా చిరాకేసింది. హీరోయిన్ చేపల బజార్లో తెల్లచీర కట్టుకుని తిరుగుతోంది, మరక లేదు. హీరో చుక్కాని పట్టుకున్న తీరు చూస్తే ఆ పడవ ఎటూ కదలదు. అయితే ఒకచోట మాత్రం పడవ నడిపే ముసలి సరంగు, "సముద్రం బాకీ పెట్టుకోదురా, ఇచ్చినా తీసుకున్నా ఆ పూటే" అన్నాడు. అది ధనరాజ్ మాట. బాగుంది. శుక్రవారం కూడా బాగానే అనిపించింది. ఆ సంగతి మైకులో ఎందుకు చెప్పలేదు తను? చెప్పి ఉండాల్సింది. మంచిదాన్ని మంచిదనీ, చెడ్డదాన్ని చెడ్డదనీ అంటేనే కదా తన మాటకి విలువ? ఆ రోజు కోపమొక్కటే మాట్లాడింది.

ఇంటర్వెల్‌లో అన్నదమ్ములు టీలకి వెళ్ళారు. రాజకుమారి ఇంక ఆగలేకపోయింది.

"అత్తా, ఎల్లిపోదాం రా."

"ఏలే? కుర్సీ మెత్తగా ఉన్నాది."

"ఇంక దీని తరవాత ఒకటున్నాది. అది... నీకు బాగోదు. నాను..."

"సెప్పకు." జగ్గమ్మ పాప్‌కార్న్ ఒకటి నోట్లో వేసుకుని నమిలింది. "ముందే కత సెప్పీసీవోలంటే మీ మావకి అరికాలి మంట నెత్తికెక్కేది. నాకూ అంతే."

దీపాలు ఆరిపోయాయి.

పాట అయింది. ఫైటు అయింది. గాలివాన. తాగుబోతు చేపలవాడి పడవ రాలేదని కబురు. అతని పెళ్ళాం వేషం వేసినామె, లావుపాటి మనిషి, గిన్నె పట్టుకుని ఇసకలో పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చింది.

"కూర సల్లారిపోతాదీ... బేగి రాయ్యా!"

డప్పు మోగింది. హాలు నవ్వింది. బోర్లించిన పడవ కిందనుంచి మొగుడు తల బయటపెట్టి, "ఏటి కూరే?" అన్నాడు. మళ్ళీ డప్పు. ముందు వరసలో కుర్రాళ్ళు ఈల వేశారు. ఆమె మళ్ళీ పిలిచింది. మళ్ళీ డప్పు.

కొండబాబు నవ్వుతూ తల్లి మోకాలి మీద తట్టాడు. "సూసినావా అమ్మా? ఇదీ ఆడు రాసిందే!"

రాజకుమారి తల తిప్పలేకపోయింది. తిప్పకుండా ఉండలేకపోయింది. తెర వెలుగులో జగ్గమ్మ మొహం కదలడం లేదు. కన్నీళ్ళు లేవు. చేతిలో పాప్‌కార్న్ పొట్లం మాత్రం వంగి, గింజలు ఒక్కొక్కటీ చీర మీదనుంచి కిందికి జారుతున్నాయి. ఆమె వాటిని ఏరుకోలేదు.

సినిమా అయ్యేదాకా జగ్గమ్మ లేవలేదు.

*

గేటు దగ్గర శ్రావణి సిద్ధంగా ఉంది. "చేపలక్కా! రెండోసారి చూశారట కదా? మీ అభిప్రాయం మారిందంటున్నారు, నిజమేనా?"

కొండబాబు పెళ్ళాం మోచేతిని వెనకనుంచి పొడిచాడు. దారినపోయేవాళ్ళు నలుగురైదుగురు ఆగారు. ధనరాజ్ గోడవైపు తిరిగి ఫోను చూసుకుంటున్నట్టు నిలబడ్డాడు.

రాజకుమారి నోరు తెరిచింది. ఏం చెప్పబోతోందో ఆమెకే తెలీదు.

"దాన్నేటి అడుగుతావు?" జగ్గమ్మ ముందుకొచ్చింది. "నన్నడుగు. నాను ఆ రాసినోడి తల్లిని."

శ్రావణి కళ్ళు మెరిశాయి. మైకు అటు తిరిగింది. "చెప్పండి మామ్మా. సినిమా ఎలా ఉంది?"

"బాగున్నాది."

"కానీ మీ కోడలుగారు, సముద్రం ఒడ్డున సీను మీద..."

"అదీ బాగున్నాది. అందరూ నవ్వినారు. నవ్వించడానికే గదా తీసినారు? నాకూ నవ్వొచ్చినాది." జగ్గమ్మ గొంతు ఎక్కడా వణకలేదు. "ఇరవై ఆరేళ్ళ తరవాత హాలుకొచ్చినాను. నా కొడుకు పేరు సూసినాను. నువ్వూ సూడు, మీ అమ్మనీ తీసుకొచ్చి సూపించు. సాలా?"

కొండబాబు చప్పట్లు కొట్టాడు. జనంలో ఇద్దరు కొట్టారు. ధనరాజ్ కళ్ళనిండా నీళ్ళతో తల్లి చెయ్యి పట్టుకోబోయాడు. ఆమె ఆ చేత్తోనే చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"ఇది ఇప్పుడే పెట్టేస్తా," అంది శ్రావణి. ధనరాజ్ ఫోను మోగింది. ఈసారి అతను దాన్ని బోర్లా పెట్టలేదు. "సార్! అవును సార్, మా అమ్మ సార్..." అంటూ పక్కకి వెళ్ళాడు. కొండబాబు ఆటో తేవడానికి సందులోకి పరిగెత్తాడు.

రాజకుమారి తిరిగి చూసేసరికి జగ్గమ్మ లేదు. రోడ్డు దాటుతోంది. చంకలో సంచీతో, అటూ ఇటూ చూడకుండా, బస్సుల కాంప్లెక్సు వైపు.

"అత్తా! ఆటో ఇటు!"

జగ్గమ్మ ఆగలేదు. రాజకుమారి ఒక లారీకి అడ్డంపడి తిట్లు తిని, కాంప్లెక్సు లోపల ఆమెని అందుకుంది. శ్రీకాకుళం బస్సు ఇంజను వేసి ఉంది.

"ఎక్కడికత్తా?"

"కళింగపట్నం. లక్ష్మణమ్మ ఇంటికి."

లక్ష్మణమ్మ ఆమె చెల్లెలు. అక్కాచెల్లెళ్ళు కలుసుకుని నాలుగేళ్ళయింది. సంచీ ఎందుకో రాజకుమారికి ఇప్పుడు అర్థమైంది. పొద్దున్న పెరట్లో తాను ధనరాజ్‌తో మాట్లాడినప్పుడు, గోడకి అవతల కర్ర పట్టుకుని ఎవరు కూర్చున్నారో కూడా.

"ఇన్నావా అత్తా?"

జగ్గమ్మ మొదటిసారి కోడలి మొహంలోకి చూసింది.

"ఇన్నాను. ఇన్నా నమ్మనేదు. కళ్ళతో సూద్దామని వొచ్చినాను." సంచీ ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకుంది. "ఆ మాట ముందు సముద్రానికి సెప్పినాను. తరవాత నీకు సెప్పినాను. సముద్రం ఎవులికీ సెప్పనేదే రాజీ."

"అత్తా, నాను మంచికే... ఆడు మంచి సినిమా రాస్తానంటే..."

"ఆడు నా కడుపున పుట్టినోడు. ఆడి బతుకు నిలబడాలని అబద్దమాడినాను. ఆడీసినాను. అయిపోనాది. నీకోసం ఏటి ఆడమంతావు?"

మెట్టెక్కి లోపలికి వెళ్ళి కిటికీ పక్కన కూర్చుంది. వెనక రోడ్డు మీద కొండబాబు ఆటో హారను ఆగకుండా మోగుతోంది. రాజకుమారి ఫోను కూడా మోగింది. శ్రావణి. వీడియో వెళ్ళిపోయినట్టుంది.

రాజకుమారి ఫోను ఆపి బస్సెక్కింది. జగ్గమ్మ పక్క సీటులో కూర్చుంది. జగ్గమ్మ జరగలేదు, పొమ్మనలేదు. ఒళ్ళో ఉన్న సంచీ తీసి ఇద్దరి మధ్యా పెట్టింది.

కండక్టరు మిషను పట్టుకుని వచ్చాడు.

"ఎక్కడికమ్మా? ఇద్దరూ ఒకటేనా?"

రాజకుమారి తలూపబోయింది.

"కాదు," అంది జగ్గమ్మ, కిటికీలోంచి బయటికి చూస్తూ.

బస్సు కదిలింది.